రంగుకి గాలి మార్పు

మా విహారయాత్రల మండలికి సంచార విహార వాహనం వచ్చిన రోజున, దానికి కొట్టవలసిన కొబ్బరికాయను అరవై అడుగుల దూరంలో కొట్టారు. కొబ్బరినీళ్లు చిందితే కొత్త రంగు మీద మచ్చ పడుతుందని మా ప్రాంతీయ మేనేజరు చక్రధరరావు గారు టేపుతో కొలిపించి మరీ ఆ చోటు నిర్ణయించారు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి జేబురుమాలు పైకెత్తి పట్టుకుని నిలబడ్డారు కూడా. పక్కనే ఎండలో నిలబడ్డ మాకు ఆ రుమాలు ఊగినప్పుడల్లా కాస్త గాలి తగిలింది. అదీ ఒక మేలే.

బండి నిజంగానే ముచ్చటగా ఉంది. చిన్న బస్సంత ఉంటుంది. లోపల నలుగురు కూర్చోవడానికి సీట్లు, హాయిగా కాళ్లు చాపుకుని పడుకోవడానికి ఒక మంచం, గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. బయట నెమలికంఠం రంగు. ఎండలో చూస్తే నీలం, నీడలో చూస్తే ఆకుపచ్చ. ఫ్యాక్టరీ నుంచి దాన్ని తోలుకొచ్చిన డ్రైవరు ఏసుపాదం దారిలోనే దానికి "ఇల్లుబండి" అని పేరు పెట్టేశాడు.

పురోహితుడు పసుపు కుంకుమల గిన్నె తీసుకుని బండి ముందుకు వచ్చాడు.

"ఆగండాగండి," అన్నారు మేనేజరు గారు. "రంగుకు వేరే రంగు తగలరాదు."

"బొట్టు లేకుండా వాహన పూజ ఎలాగండీ?" అన్నాడు పురోహితుడు.

కాసేపు చర్చ జరిగింది. చివరికి వాహనం తరఫున డ్రైవరుకు బొట్టు పెట్టాలని తీర్మానమైంది. ఏసుపాదం నుదురు ముందుకు వంచి, "మా పాస్టరు గారు చూస్తే ఏవంటారండీ?" అని అడిగాడు.

"వాహనం తరఫున అని చెప్పవయ్యా."

"ఆయ్, అలాగే చెబుతానండి. మరి ఆ కొబ్బరిచిప్ప కూడా వాహనం తరఫున నాకేనాండీ?"

ఆ సాయంత్రమే బండితోపాటు వచ్చిన పుస్తకాన్ని మేనేజరు గారు నా బల్ల మీద పెట్టారు. రంగు సంరక్షణ గురించిన పేజీలను తెలుగులోకి మార్చమని ప్రధాన కార్యాలయం ఉత్తర్వు. నేను ఈ ఆఫీసులో సూపరింటెండెంటుని. నలభై ఏళ్ల క్రితం కాకినాడలో బి.ఏ. చదివాను కనుక ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా బల్ల మీదికే వస్తుంది.

పుస్తకంలో ఉన్నది చిన్న సంగతి. కొత్త రంగు "క్యూర్" అయ్యేంతవరకు ఎండ, వాన, దుమ్ము తగలకుండా చూడండి, ఆ తర్వాత అప్పుడప్పుడు మైనం పూసి మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ హాయిగా తిరగండి, అని. ఆ క్యూర్ అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఒకటే. అంతకు ముందు రెండేళ్లు మా ఆవిడ సుభద్రను వెంటబెట్టుకుని ఆస్పత్రి వరండాల్లో కూర్చుని, కనబడ్డ ప్రతి డాక్టరునీ నేను అడిగిన మాట అది. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కాలేదు. "రంగు నయమగు వరకు వాహనమును బయటకు తీయరాదు" అని రాశాను. రాస్తున్నప్పుడు తప్పని తోచలేదు. పాపం, తొందరగా నయమైతే బాగుండునని కూడా అనుకున్నాను.

మేనేజరు గారు అది చదివి కళ్లజోడు తీశారు.

"అయితే భానుమూర్తి గారూ, రంగుకు అస్వస్థతగా ఉందన్నమాట!"

"అలాగే రాసుందండి."

"చూశారా, పైకి ఎంత నిగనిగలాడుతోందో! మనం పైపై మెరుగులు చూసి మోసపోకూడదు."

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం పడింది. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంచార విహార వాహనము యొక్క రంగు ప్రస్తుతము అస్వస్థతలో నున్నందున, సంపూర్ణముగా నయమైనట్లు ధ్రువీకరించబడు వరకు సదరు వాహనమును కదిలించుట, తాకుట, దాని సమీపమున బిగ్గరగా మాట్లాడుట నిషేధించడమైనది."

ఆ నోటీసు అతికించిన రోజునే మొదటి బుకింగు వచ్చింది. చేసింది వర్ధనమ్మ గారు. మా ఊళ్లోనే, రాజమండ్రి దానవాయిపేటలో ఉంటారు. మునిసిపల్ స్కూల్లో ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. నడుం పూస జరగడం వల్ల పది నిమిషాలకు మించి కూర్చోలేరు. నిలబడతారు, నాలుగడుగులు నడుస్తారు, పడుకుంటారు. కూర్చోవడం మాత్రం కుదరదు. భీమిలిలో ఉన్న అక్కగారిని చూసి నాలుగేళ్లయిందట. బస్సైనా కారైనా కూర్చోవాల్సిందే, రైల్లో పడుకున్నా దిగాక భీమిలి దాకా మళ్లీ కూర్చోవాల్సిందే. అంబులెన్సు ఎక్కుదామంటే, అది గుమ్మం ముందు ఆగగానే అక్కగారి గుండె ఆగుతుందని భయం.

"మీ బండిలో మంచం ఉందటగా?" అన్నారు ఫోన్లో. "పడుకుని వెళ్తానండి. మా కనకం అక్కయ్యకి కళ్లు పోతున్నాయండి. నడిమి చూపు పోయింది, పక్క చూపు మిగిలింది. దీపావళి దాకా ఆ కాస్తా ఉంటుందేమో అన్నాడట డాక్టరు. గొంతయితే రోజూ ఫోన్లో వింటూనే ఉంది. నా మొహం ఒకసారి చూస్తానంటోంది."

అప్పటికి ఇంకా ఎండలు ముదరలేదు. దీపావళి ఎక్కడో ఉంది. "రంగు కాస్త నయం కాగానే మీదే మొదటి ప్రయాణం అండి," అని ధైర్యంగా చెప్పాను.

"రంగుకి నయం కావడమేంటండీ?"

"జబ్బుగా ఉందండి."

"పెద్దవాళ్లు మీరు, హాస్యానికనుంటారు," అని పెట్టేశారు.

నెల తిరక్కుండా ప్రధాన కార్యాలయం ఒక నిపుణుణ్ని పంపింది. ఆయన పేరు హేమచంద్ర. ఉద్యోగం ఉపరితల సంరక్షణ సలహాదారు. ఆయన దగ్గర అరచేతిలో పట్టే పరికరం ఒకటి ఉంది. దాన్ని రంగుకు ఆనిస్తే కీచుమని ఒక అంకె చూపిస్తుంది. ఏసుపాదం దానికి నాడి మిషను అని పేరు పెట్టాడు.

"మనం రంగును రంగుగా చూడకూడదు," అన్నారు హేమచంద్ర గారు, మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి. "దాన్ని ఒక ఉపరితల వ్యక్తిత్వంగా చూడాలి. అది లోకానికీ లోహానికీ నడుమ నిలబడి బాధపడుతూ ఉంటుంది."

"పాపం," అన్నాను నేను. నిజంగానే అనిపించింది.

మైనం పూత వారానికోసారి వెయ్యాలన్నారు ఆయన. రంగును మైనం కాపాడుతుంది. మరి మైనాన్ని ఎవరు కాపాడతారు? అందుకు ముసుగు కుట్టించారు. ముసుగు మీద దుమ్ము పడుతోందని దాని మీద ఇంకో ముసుగు. దుమ్ము రాకుండా షెడ్డుకు నాలుగు వైపులా తెరలు. తెర లోపలికి వెళ్లేముందు చెప్పులు విప్పాలి. ప్రతి పూటా నాడి మిషను అంకె రాయడానికి షెడ్డు స్తంభానికి ఒక చార్టు కట్టారు.

పూత తుడవడానికి మెత్తని నూలుగుడ్డ కావాలి. ఆఫీసు తెప్పించిన గుడ్డలు గంజి పెట్టినట్టు బిరుసుగా ఉన్నాయి. మా ఇంట్లో బీరువాలో సుభద్ర నేతచీరలు ఊరికే ఉన్నాయి. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన బందరు చీర ఒకటి తెచ్చి ఏసుపాదానికి ఇచ్చాను. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు.

"అమ్మగారిదాండీ?"

"ఆ."

"ఇది బండికి ఎక్కువండి," అని, పిల్లలను పడుకోబెట్టినట్టు మడత పెట్టి, డ్రైవరు సీటు వెనక అరలో దాచాడు. ఆ తర్వాత నేను అడగలేదు, అతను చెప్పలేదు. బండి మాత్రం తన సొంత పాత పంచెతో తుడిచేవాడు.

వర్ధనమ్మ గారు పదిహేను రోజులకోసారి ఫోన్ చేసేవారు.

"ఎలా ఉందండీ మీ రంగుకి?"

"నిలకడగా ఉందండి."

"మా అక్కయ్య కళ్లకి నిలకడ లేదండి. నిన్న గోడ మీద క్యాలెండరుకి దండం పెట్టిందట, తీరా చూస్తే అది కరెంటు మీటరట. పథ్యం ఏవైనా పెడుతున్నారా దానికి?"

"మైనం పూస్తున్నామండి."

"పొయ్యండి, పొయ్యండి. నేనొచ్చేటప్పుడు బత్తాయిలు తెస్తాను."

ఆవిడ నవ్వుతూనే అనేవారు. పెట్టేసేముందు ఒక్క క్షణం ఊరుకునేవారు చూడండి, అది నాకు గుచ్చుకునేది. ఒకరోజు ఉండబట్టలేక మా వీధి చివర కార్లకు రంగులేసే షెడ్డు మేస్త్రీని అడిగాను.

"క్యూరవడమా? అంటే లోపలిదాకా ఆరి గట్టిపడ్డవండి," అన్నాడు. "ఈ ఎండలకి నెల చాలండి. మహా అయితే నెలన్నర."

అప్పటికి నాలుగు నెలలు దాటింది. తప్పు నాదని తెలిసింది. ఆ రోజే వివరంగా నోటు రాశాను: ఫలానా మాటకు అనువాదంలో పొరపాటు పడ్డాను, దానికి సరైన అర్థం గట్టిపడడం, రంగు ఏనాడో గట్టిపడింది, కనుక వాహనాన్ని వదలవచ్చు. క్షమించమని కూడా రాశాను.

మేనేజరు గారు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. ఆయన మంచివారే.

"భానుమూర్తి గారూ, మీ నిజాయితీ అభినందనీయం. అయితే తెలుగు ప్రతి ఆమోదం పొందింది. దాని ఆధారంగా పదిహేడు ఉత్తర్వులు వెలువడ్డాయి. ఒక నిపుణుడు నియమితుడయ్యాడు. ఈ దశలో తెలుగును దిద్దడం పాలనాపరంగా సాధ్యం కాదు."

"మరి ఎలాగండీ?"

"ఇంగ్లీషును దిద్దుదాం."

బండి తయారుచేసినవారికి ఆ రోజే ఉత్తరం వెళ్లింది. "మీ పుస్తకములోని ఇంగ్లీషు ప్రతి మా తెలుగు అనువాదమునకు అనుగుణముగా లేనందున సత్వరమే సవరించవలసినదిగా కోరడమైనది."

నా నోటు వల్ల ఒక ఫలితం మాత్రం కలిగింది. రంగు విషయం అంత తీవ్రమైనదైతే మండలికి ఉన్న తక్కిన రంగుల సంగతేమిటని ప్రధాన కార్యాలయానికి అనుమానం వచ్చింది. హేమచంద్ర గారు నాడి మిషను పట్టుకుని తిరిగారు. పాత జీపుకు దీర్ఘవ్యాధి అని తేలింది. దాన్ని షెడ్డులో రెండో పడక కింద చేర్చారు. గోదావరిలో తిరిగే మా మూడు పడవలకు వేసవిలో రంగు వేయించాం కనుక, నయమయ్యేదాకా నీళ్లు తగలకూడదని గట్టు మీదికి లాగించారు. యాత్రికులు టికెట్లు పట్టుకుని వచ్చి గట్టు మీదే పడవలెక్కి కాసేపు కూర్చుని, ఫొటోలు తీసుకుని వెళ్లేవారు. ఒకాయన, "కుదుపు లేకుండా భలే ఉందండీ," అని పుస్తకంలో రాసి వెళ్లాడు.

వాహనాలన్నీ చికిత్సలో ఉన్నందున మేనేజరు గారు మీటింగులకు షేరాటోలో వెళ్లసాగారు. శ్రావణమాసంలో ఆఫీసు గేటుకు రంగు వేశారు. ఆ తర్వాత గేటు తెరవడానికి వీల్లేకపోయింది. మేం సైకిలు స్టాండు వెనక గోడలో ఒక ఇటుకల సందు చేసుకుని పక్కకు తిరిగి లోపలికి వచ్చేవాళ్లం. వాచ్‌మన్ మాత్రం గేటు దగ్గరే నిలబడి వచ్చినవాళ్లకు సెల్యూట్ చేసి, సందు చూపించేవాడు.

షెడ్డు దగ్గర బోర్డు కూడా వెలిసింది. "పరామర్శ వేళలు: ఉదయం పది నుండి పదకొండు వరకు."

ఆ బోర్డు గురించి ఎలా తెలిసిందో, ఒక ఉదయం పది గంటలకు వర్ధనమ్మ గారే వచ్చారు. ట్రాలీ ఆటోలో పరుపు వేయించుకుని, దాని మీద పడుకుని, ఎండకు గొడుగు పట్టుకుని వచ్చారు. చేతిలో సంచినిండా బత్తాయిలు. గేటు తెరవకూడదు, గోడసందులో ట్రాలీ పట్టదు. ఆవిడ దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, సందులోంచి పక్కకు తిరిగి వచ్చారు. తెల్ల జరీ అంచు చీర, గుండ్రటి కళ్లజోడు, చాలా చిన్న మనిషి. ఫోన్లో గొంతు విని చాలా పెద్ద మనిషి అనుకున్నాను.

చక్రధరరావు గారు, హేమచంద్ర గారు ఇద్దరూ షెడ్డులోనే ఉన్నారు.

"రోగిని చూడ్డానికొచ్చానండి," అన్నారు ఆవిడ. చెప్పులు విప్పి తెర తోసుకుని లోపలికి వెళ్లారు. ముసుగు కాస్త ఎత్తి, బొటనవేలి గోరు వెనకవైపుతో రంగు మీద టకటకమని కొట్టారు. హేమచంద్ర గారు తననే కొట్టినట్టు ఉలిక్కిపడ్డారు.

"ఇది ఆరి ఆర్నెల్లయిందండీ!"

"మీరు నిపుణులా అమ్మా?" అని అడిగారు హేమచంద్ర గారు.

"డ్రాయింగ్ టీచర్నండి. తడి రంగు మీద చెయ్యి పెట్టకండర్రా అని ముప్ఫయ్యేళ్లు అరిచాను. ఆరిన రంగు మీద చెయ్యి పెట్టకండి అన్నవాణ్ని ఇవాళే చూశాను."

మేనేజరు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీ ఆవేదన మండలి దృష్టిలో ఉంది. అయితే రోగి స్థితి అనుకూలించినప్పుడే..."

"నాయనా, దీపావళికి ఇరవై రోజులుంది," అన్నారు వర్ధనమ్మ గారు. ఈసారి నవ్వలేదు. "మా అక్కయ్య ఇప్పుడు పక్కకు తిరిగి చూస్తేనే కనబడుతోందట. ఆ పక్క కూడా పోతే నేను వెళ్లీ ఏం లాభం? సముద్రం హోరు విని రావడానికా?"

నిలబడి అలసిపోయారు. కూర్చోమనడానికి లేదు. ఏసుపాదం పరుగున వెళ్లి ట్రాలీ మీది పరుపు గోడసందులోంచి లాక్కొచ్చి, షెడ్డు నీడలో పరిచాడు. ఆవిడ పడుకుని, కప్పు వంక చూస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"మా నాన్నగారికి టైఫాయిడ్ తగ్గీ తగ్గక నీరసించిపోతుంటే, ఆ రోజుల్లో డాక్టరు గారు గాలి మార్పుకని భీమిలి పంపారు. నెల్లాళ్లున్నాం. అక్కడే మా అక్కయ్యకి సంబంధం కుదిరింది. ఇదీ అంత జబ్బుదే అయితే దీనికీ గాలి మార్పు రాయకపోయారా, మందు మీద మందు పూసే బదులు!"

ఏసుపాదం నా వైపు చూశాడు. నేను వెంటనే నా బల్ల దగ్గరికి వెళ్లి కాగితం తీశాను.

అంతకుముందు ఈ రంగుకు జబ్బు లేదని నోటు రాసి ఓడిపోయాను. ఈసారి ఉందనే రాశాను. "రోగి ఆరు మాసములుగా ఒకే గదియందు, వెలుతురు సోకక, రెండు ముసుగుల క్రింద నున్నది. మైనపు చికిత్స పూర్తి అయినను నయమైన సూచనలు కానరావు. ఇట్టి దీర్ఘ అస్వస్థతలందు గాలి మార్పు, ముఖ్యముగా సముద్రపు గాలి, మేలు చేయునని అనుభవజ్ఞులు చెప్పుచున్నారు. కావున రోగిని భీమునిపట్నమునకు పంపుటకు అనుమతి కోరడమైనది."

హేమచంద్ర గారు దాన్ని రెండుసార్లు చదివారు. సముద్రం పక్కన ఉప్పుగాలికి రంగు ఏమవుతుందో ఆయనకు తెలియకపోదు. కానీ గాలి మార్పు అనేది తన శాస్త్రంలో లేదని నలుగురిలో చెప్పడం ఏ నిపుణుడికైనా కష్టం.

"సముద్రతీర వాయు చికిత్స," అన్నారు చివరికి. "నేనే ప్రతిపాదిద్దామనుకుంటున్నాను." కింద సంతకం పెట్టారు.

మేనేజరు గారు మాత్రం కలం పట్టుకుని ఆగారు. "దారిలో రోగికి ఏదైనా అయితే బాధ్యత ఎవరిది? రోగి ఒంటరిగా ప్రయాణం చేయరాదు కదా."

"సహాయకురాలిని పంపుదామండి," అన్నాను.

"ఎవరిని?"

"రోగికి ముందే పరిచయం ఉన్నవారైతే మంచిదండి. రంగుల విషయం తెలిసినవారు. పరామర్శకు వచ్చినవారు ఇన్ని నెలల్లో ఆవిడ ఒక్కరే."

మేనేజరు గారు పరుపు మీద పడుకున్న వర్ధనమ్మ గారిని చూశారు. ఆవిడ గొడుగు తిప్పుతూ పడుకుని ఉన్నారు. ఆయన మొహంలో ఏదో మెత్తబడింది. వెంటనే సర్దుకున్నారు.

"అయితే ఒక ముఖ్యమైన షరతు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు తొలగించడం నిషేధం. కాబట్టి సహాయకురాలు ప్రయాణంలో ఎట్టి పరిస్థితుల్లోనూ కూర్చోకూడదు."

"కూర్చోనండి," అన్నారు వర్ధనమ్మ గారు గట్టిగా.

"మరి నాలుగైదు గంటలు నిలబడతారా?"

"నియమావళిలో సీట్ల మాటే ఉందండి, మంచం మాట లేదు," అన్నాను నేను. "పడుకోవచ్చునేమో."

ఆయన నియమావళి తిరగేశారు. నిజంగానే లేదు. "పడుకొనుటకు అభ్యంతరము లేదు" అని స్వహస్తంతో రాశారు. ఆస్పత్రిలో సుభద్ర మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంటే ఒక ఆయా రోజూ ఎవరూ చూడకుండా ఒక స్టూలు కాలితో నా వైపు తోసేది. సహాయకుడికి పడక ఇమ్మని ఉత్తర్వు రాయగల అధికారిని అక్కడ నేను చూడలేదు. ఇక్కడ చూశాను.

వాహనంతోపాటు బాధ్యుడిగా నేనూ వెళ్లాలని ఉత్తర్వులో చేర్చారు. రోగికి తోడుగా ముగ్గురం తెల్లవారగానే బయలుదేరాం. గేటు తెరవరాదు కనుక, దాని పక్కన గోడ పడగొట్టారు. గేటుకు మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

బయలుదేరేముందు మంచం మీద ఏసుపాదం ఏదో పరుస్తున్నాడు. చూస్తే బందరు చీర. "మెత్తగా ఉండాలి కదండీ, రోగికి," అన్నాడు. ఏ రోగికో చెప్పలేదు. వర్ధనమ్మ గారు దాని మీద పడుకుని, అంచు వేళ్లతో తడిమి, "ఎవరిదండీ ఇంత మంచి నేత?" అన్నారు. "మా ఆవిడదండి," అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. దారంతా ఆ కొంగు మడత చెదరకుండా చేత్తో పట్టుకునే ఉన్నారు.

తుని దాటేసరికి ఆవిడకు హుషారొచ్చింది. పడుకున్నచోటి నుంచే కిటికీలోంచి కొండలు చూసి, ఏ కొండకు ఏ రంగులు కలపాలో ఏసుపాదానికి పాఠం చెప్పారు. అనకాపల్లి దగ్గర టీ కోసం ఆగితే, ఇద్దరు ముగ్గురు చేరి బండిని చూసి, "లోపలెవరండీ, సినిమావాళ్లాండీ?" అని అడిగారు.

"పేషెంటుని తీసుకెళ్తన్నావండి," అన్నాడు ఏసుపాదం.

"ఏం జబ్బండీ?"

"రంగు బాగోలేదండి."

"అయ్యో, పచ్చకామెర్లా?"

"కాదండి. నెమలికంఠం."

భీమిలిలో కనకవల్లమ్మ గారి ఇల్లు వీధి మలుపులోనే ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు. బండి చప్పుడు విని, మొహం పూర్తిగా పక్కకు తిప్పి, కోడి చూసినట్టు కంటి కొసతో మా వైపు చూశారు. వర్ధనమ్మ గారు దిగి నాలుగడుగులు వేసి ఎదురుగా నిలబడబోయారు.

"ఎదురుగా కాదే, ఇటు రా, పక్కకి," అన్నారు అక్కగారు. "ఇంకాస్త. ఆ. అక్కడాగు."

ఆ క్షణంలో ఏసుపాదం ఇంజను ఆపేశాడు. కనకవల్లమ్మ గారు తల అటూ ఇటూ సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఎంత నల్లబడ్డావే!" అన్నారు.

"కనబడ్డానన్నమాట!" అని వర్ధనమ్మ గారు ఏడుపూ నవ్వూ కలిపి ఆవిడ మీద పడిపోయారు. "ఆ కళ్లజోడేంటే గుండ్రంగా, గుడ్లగూబలాగా," అని ఆవిడ భుజం మీంచి ఇంకా తప్పులు పడుతూనే ఉన్నారు అక్కగారు.

తర్వాత ఆవిడ బండి దగ్గరికి వచ్చి, మొహం పక్కకు తిప్పి దాన్ని చూశారు. "నెమలికంఠమా? కొత్త బండికి ఒక్క బొట్టయినా లేదేంటర్రా, పాపం!" అని లోపలికి వెళ్లి పసుపు కుంకుమలు తెచ్చారు. నేను అడ్డు చెప్పాలి. ఉత్తర్వు నా జేబులోనే ఉంది. ఆవిడ చేత్తో తడుముకుంటూ బండి నుదురు ఎక్కడో వెతుక్కుని, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టారు. కాస్త వంకరగా పడింది. నేను సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాను.

మూడు రోజులున్నాం. తిరిగి వచ్చాక నివేదిక రాశాను. "రోగికి సముద్రపు గాలి తగిలినది. మార్గమధ్యమున ఎండ, దుమ్ము, ఒక చిరుజల్లు సైతం ఓర్చుకున్నది. అక్కడి పెద్దలు జబ్బు తీరినవారికి చేయు ఆచారము ప్రకారము పసుపు రాసిరి. రోగి సంపూర్ణముగా నయమైనది. సహాయకురాలు ఎక్కడను కూర్చొనలేదు." నాడి మిషను అంకె వెళ్లేముందు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. హేమచంద్ర గారు దాన్ని తన చికిత్స విజయానికి గుర్తుగా ప్రధాన కార్యాలయానికి పంపించారు.

నాలుగో రోజున వాళ్ల జవాబు వచ్చింది. "సదరు వాహనము నయమైనందుకు మండలి హర్షము వెలిబుచ్చుచున్నది. ఇదే చికిత్సను కార్యాలయ ప్రధాన ద్వారమునకు సైతం వర్తింపజేయవలెను. ద్వారమును సంచార వాహనములో భీమునిపట్నమునకు తరలించుటకు ప్రతిపాదనలు పంపుడు. సహాయకురాలిగా ఎవరిని పంపుదురో తెలుపుడు."

వర్ధనమ్మ గారికి ఫోన్ చేశాను. సంగతంతా విన్నారు.

"అయ్యో, గేటుకెలా ఉందండీ ఇప్పుడు?"

"ఏం బాగోలేదండి. తెరుచుకోలేకపోతోంది."

"ఇనుము కదండీ, జబ్బు మొండిది. మూడు రోజులు చాలవేమో."

"ఎన్నాళ్లు రాయమంటారు?"

ఫోన్లో కాసేపు మాట లేదు. ఈసారి ఆ ఊరుకోవడం నాకు గుచ్చుకోలేదు.

"మీ దయ," అన్నారు.

నేను రెండు వారాలని రాశాను.